‘తీగ’ ప్రాజెక్టు డైరీ: రెండు నేమ్‌స్పేస్‌ల మధ్య ప్యాకెట్ ఆగితే

శనివారం రాత్రి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

మా పిన్ని కొడుకు గాజువాకలో ఒక శిక్షణ కేంద్రంలో డిప్లొమా పిల్లలకి నెట్‌వర్కింగ్ చెప్తాడు. ఈసారి వాడు ఇచ్చిన ల్యాబ్ నాకు చాలా నచ్చింది. బీచ్ రోడ్డు మీద నిలబడితే పోర్టులోకి వెళ్లడానికి వంతు కోసం లంగరేసుకుని ఉన్న ఓడలు కనిపిస్తాయి కదా, అలాంటి ఓడ ఒకటి, ఒడ్డున దాని ఆఫీసు ఒకటి, రెండింటికీ మధ్య శాటిలైట్ లింకు. ఇదంతా ఒక్క ల్యాప్‌టాప్‌లోనే చెయ్యాలి. లినక్స్‌లో ‘ఓడ’ అని ఒక నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, ‘ఒడ్డు’ అని ఇంకొకటి తయారుచేసి, రెండింటినీ ఒక వీఈత్ జతతో (రెండు కొసలున్న ఉత్తుత్తి కేబుల్ లాంటిది) కలిపితే సరిపోతుంది. ఏ నేమ్‌స్పేస్‌కి ఆ నేమ్‌స్పేస్‌లోనే సొంత పరికరాలు, సొంత రూటింగ్ టేబుల్, సొంత ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ అడ్రసుకి ఏ మ్యాక్ అడ్రసు, అంటే ఏ హార్డ్‌వేర్ అడ్రసు, అని రాసుకునేది), సొంత ఫైర్‌వాల్, సొంత పోర్ట్ నంబర్లు ఉంటాయి, కాబట్టి లోపల కూర్చున్న ప్రోగ్రాముకి అది విడి మిషన్ లాగే ఉంటుంది. ఈ సదుపాయం 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌తో (లినక్స్‌కి నడుమ ఉండే అసలు ప్రోగ్రాము) మొదలైంది, ఎరిక్ బీడర్‌మన్ పేరు ఆ కోడ్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. వీఈత్ డ్రైవర్ కూడా అదే వెర్షన్‌లో వచ్చింది, రాసినది పావెల్ ఎమెల్యనోవ్.

వాడి ఫోను మాత్రం వేరే విషయం గురించి. "అన్నయ్యా, వీఈత్ మీద నెట్‌ఎమ్ పెట్టేను, డిలే ఇచ్చేను, తర్వాత దాన్ని ఓడలోకి పంపేను. లోపలికెళ్లి చూస్తే డిలే లేదు. ఏటయిపోయింది?"

ఏమీ అయిపోలేదురా, కెర్నల్ చెయ్యాల్సిందే చేసింది అన్నాను. నెట్‌ఎమ్ అనేది ప్యాకెట్లకి కావాలని ఆలస్యం కలిపే క్యూ పద్ధతి, పరికరానికి పైన తగిలించే వస్తువు. పరికరాన్ని ఒక నేమ్‌స్పేస్ నుంచి ఇంకో దాంట్లోకి జరిపేటప్పుడు కెర్నల్ ఆ క్యూ పద్ధతిని పూర్తిగా తీసేస్తుంది. జరిపాక మళ్లీ పెట్టుకుంటే పనిచేస్తుంది, వాడు అలాగే చేసి క్లాసు నడిపించాడు. నాకు మాత్రం మనసు ఆగలేదు. శాటిలైట్ లింకులో ఆలస్యం ఆ లింకుదే కదా, దాని కొసలు ఏ నేమ్‌స్పేస్‌లో ఉన్నా ఆలస్యం దాంతోపాటే ఉండాలి. వీఈత్ లాంటి జత పరికరమే, కాకపోతే ఆలస్యం తనలోనే ఉన్నది, సొంతంగా రాద్దామని కూర్చున్నాను. పేరు ‘తీగ’. కెర్నల్ 6.12, దీర్ఘకాలం మద్దతు ఉన్న వెర్షన్. పరీక్షలన్నీ క్యూఈఎమ్‌యూ వర్చువల్ మిషన్‌లో, ల్యాప్‌టాప్ కెర్నల్ జోలికి వెళ్లకుండా.

ఆదివారం

రోజంతా చదవడమే. నెట్ డైరెక్టరీలో డెవ్ అనే సీ ఫైలు, అందులో డెవ్_చేంజ్_నెట్_నేమ్‌స్పేస్ అనే ఫంక్షను. నేమ్‌స్పేస్‌ల మధ్య పరికరాలు తిప్పే డ్రైవర్ ఎవరు రాసినా ముందు దీన్ని ఓపిగ్గా చదవాలని గట్టిగా చెప్తాను, ఎందుకంటే ‘జరపడం’ అని మనం తేలిగ్గా అనేస్తున్న పని నిజానికి సగం చంపి మళ్లీ పుట్టించడం.

వరస ఇలా ఉంటుంది. ముందు ఆర్‌టీఎన్ఎల్ లాక్ (నెట్‌వర్క్ సెట్టింగుల్ని ఒకేసారి ఇద్దరు మార్చకుండా కాపాడేది) చేతిలో ఉందో లేదో చూస్తుంది. ఈ పరికరం కదలకూడనిది అయితే అక్కడే తిప్పి పంపేస్తుంది. లూప్‌బ్యాక్, బ్రిడ్జ్, బాండ్, వీఆర్ఎఫ్ అనే వర్చువల్ పరికరాలు ఈ జాబితాలోవే, ఏ నేమ్‌స్పేస్‌లో పుట్టినవి ఆ నేమ్‌స్పేస్‌లోనే. వెళ్లే చోట అదే పేరుతో ఇంకొకటి ఉందేమో చూస్తుంది, ఉంటే తప్పు కోడ్ ఇస్తుంది. అన్నీ సరిపోతే పరికరాన్ని మూసేస్తుంది, అంటే డ్రైవర్‌లో ఎన్‌డీఓ_స్టాప్ అనే మూసే ఫంక్షన్ నడుస్తుంది. పాత నేమ్‌స్పేస్ జాబితాల్లోంచి తీసేస్తుంది. క్యూ పద్ధతిని దించేస్తుంది. అన్‌రిజిస్టర్ అయిందని అందరికీ చాటింపు వేస్తుంది, దాంతో ఐపీ అడ్రసులు, రూట్లు, ఏఆర్‌పీ ఎంట్రీలు అన్నీ పోతాయి. ఇండెక్స్ నంబరు కొత్త చోట ఖాళీగా ఉంటే అదే ఉంచుతుంది, లేకపోతే కొత్తది ఇస్తుంది. అప్పుడు కొత్త నేమ్‌స్పేస్ తాలూకు పాయింటర్ పెట్టి, కొత్తగా రిజిస్టర్ అయిందని అక్కడ చాటింపు వేస్తుంది. చివరికి మిగిలేవి మ్యాక్ అడ్రసు, ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు), డ్రైవర్ తన సొంత స్ట్రక్చర్‌లో దాచుకున్నవి. జరిపాక పరికరం డౌన్‌లోనే ఉంటుంది, మనమే మళ్లీ అప్ చెయ్యాలి.

ఆ చివరి సంగతే నాకు కావలసింది. ఆలస్యం విలువ డ్రైవర్ స్ట్రక్చర్‌లో ఉంటే అది ఎన్ని నేమ్‌స్పేస్‌లు తిరిగినా చెక్కుచెదరదు.

మంగళవారం రాత్రి

ఆఫీసు నుంచి రాగానే కూర్చున్నాను. ఆలస్యం లేకుండా ఒట్టి జత మాత్రం నిలబడింది. ఆర్‌టీఎన్ఎల్_లింక్_ఆప్స్ అనే పట్టిక ఒకటి నింపాలి, అందులో న్యూలింక్ జతని పుట్టిస్తుంది, డెల్‌లింక్ రెండు కొసల్నీ కలిపి తీసేస్తుంది. ఒక కొస దగ్గర ఇంకో కొస పాయింటర్ ఆర్‌సీయూ (చదువుతున్నవాళ్లు అయిపోయేదాకా వస్తువుని పారేయనివ్వని కెర్నల్ పద్ధతి) రక్షణలో ఉంటుంది, ఎందుకంటే ఒకవైపు ప్యాకెట్ పంపుతుండగానే ఇంకోవైపు ఎవరో జతని తీసేయొచ్చు.

గెట్_లింక్_నెట్ అనే చిన్న ఫంక్షన్ గురించి కొంచెం చెప్పాలి. ‘నీ అవతలి కొస ఏ నేమ్‌స్పేస్‌లో ఉంది’ అని కెర్నల్ అడిగితే జవాబు చెప్పేది ఇదే. ఇది లేకపోతే ఐపీ లింక్ కమాండ్ చూపించేది అర్థంపర్థం లేకుండా ఉంటుంది. కారణం, ఇండెక్స్ నంబర్లు ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ విడివిడిగా మొదలవుతాయి. లూప్‌బ్యాక్ ప్రతిచోటా 1. ఓడలో తీగ కొస 2, ఒడ్డులో తీగ కొస కూడా 2. అవతలి కొస నంబరు 2 అని చెప్తే ఎవరి 2? అందుకని కెర్నల్ దానికి పక్కనే ఒక నేమ్‌స్పేస్ నంబరు కూడా ఇస్తుంది, ఐపీ కమాండ్‌లో లింక్-నెట్‌ఎన్ఎస్ఐడీ అని కనిపించేది అదే. ఆ నంబరు కూడా చూసేవాడి నేమ్‌స్పేస్‌ని బట్టి మారుతుంది, ప్రపంచానికంతటికీ ఒకే నంబరు కాదు. రెండు కొసల ఇండెక్స్ ఒకటే అయినప్పుడు పాత కెర్నళ్లు ‘అవతలి కొస లేదేమో’ అనుకుని ఆ వివరాన్నే పంపేవి కావు, 2019లో దాన్ని సరిచేశారు. మా తమ్ముడి ల్యాబ్‌లో పాత మిషన్లు ఉన్నాయి కాబట్టి దీన్ని వాడికి విడిగా చెప్పి ఉంచాను.

ఓడలోంచి ఒడ్డుకి పింగ్ (‘ఉన్నావా’ అని అడిగి జవాబు కోసం చూసే చిన్న ప్యాకెట్) వెళ్లింది. చాలా ఆనందమేసింది, దాచుకోవడం దేనికి.

గురువారం, శుక్రవారం

ఈ రెండు రాత్రులు ఒకే ప్రశ్న మీద గడిచాయి, ఈ ప్రాజెక్టు మొత్తానికి గుండెకాయ అదే. ప్యాకెట్‌ని ఒక నేమ్‌స్పేస్ నుంచి ఇంకో దాంట్లోకి వెంటనే దాటించడం పెద్ద పని కాదు, వీఈత్ చేస్తున్నది అదే. దాన్ని మధ్యలో 270 మిల్లీసెకన్లు ఆపి ఉంచితే, ఆ కాసేపట్లో ఆ ప్యాకెట్ ఎవరిది?

ఆగిన ప్యాకెట్ ఊరికే ఆగదు. కెర్నల్‌లో ప్యాకెట్‌ని మోసే ఎస్‌కేబీ అనే స్ట్రక్చర్ తనతో చాలా బంధాలు మోసుకుని తిరుగుతుంది. ఏ రూట్‌లో వచ్చిందో చెప్పే డీఎస్‌టీ, ఆ డీఎస్‌టీ ఒక పరికరాన్ని పట్టుకుని ఉంటుంది. కనెక్షన్లని గుర్తుపెట్టుకోవడానికి ఫైర్‌వాల్ వాడే కాన్‌ట్రాక్ ఎంట్రీ, అది పంపినవాడి నేమ్‌స్పేస్‌కి చెందినది. మార్క్ అనే నంబరు, దాని అర్థం పంపినవాడి నేమ్‌స్పేస్‌లోనే చెల్లుతుంది. పంపిన సాకెట్ (ప్రోగ్రాము వైపు కనెక్షన్ కొస) పాయింటర్. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లినాయన తాళంచెవి జేబులోనే పెట్టుకుపోతే ఓనరు ఆ ఇంటిని ఇంకేమీ చెయ్యలేడు, ఇదీ అంతే. కాన్‌ట్రాక్ సంగతి మరీ గట్టిది: ఒక నేమ్‌స్పేస్ చచ్చిపోయేటప్పుడు కాన్‌ట్రాక్ కోడ్ తన ఎంట్రీలన్నీ సున్నాకి వచ్చేదాకా లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో క్యూలో ఒక్క ప్యాకెట్ ఒక్క ఎంట్రీని పట్టుకుని కూర్చుంటే ఆ లూప్ ఆగదు.

కాబట్టి క్యూ ఎక్కడ ఉండాలి, బంధాలు ఎప్పుడు తెంపాలి అన్నది తేల్చాలి. రెండు దారులు కనిపించాయి.

మొదటిది, పంపే కొస దగ్గర క్యూ పెట్టి, సమయం అయ్యాక అవతలికి దాటించడం. చూడ్డానికి సహజంగా ఉంటుంది. కానీ దాటించే ఫంక్షన్, ఈ ప్యాకెట్ నేమ్‌స్పేస్ దాటుతోందా లేదా అన్నది ఆ క్షణాన రెండు పరికరాలూ ఎక్కడున్నాయో చూసి నిర్ణయిస్తుంది. దాటుతుంటే మార్క్ లాంటివి కూడా తుడిచేస్తుంది, రెండూ ఒకే చోట ఉంటే మార్క్ వదిలేస్తుంది. ఇప్పుడు ఊహించండి, ఓడలో ఉన్న కొస ప్యాకెట్ పంపింది, అది క్యూలో ఉంది, ఈలోగా ఎవరో ఆ కొసనే తీసి ఒడ్డులోకి జరిపారు. సమయం అయ్యేసరికి రెండు కొసలూ ఒడ్డులోనే ఉన్నాయి. ఓడలో వేసిన మార్క్ తుడవకుండా ఒడ్డు ఫైర్‌వాల్ ముందుకి వస్తుంది. రెండు నేమ్‌స్పేస్‌ల మధ్య గోడ ఉండాల్సిన చోట కన్నం పడినట్టే. మూసేటప్పుడు క్యూ ఖాళీ చేస్తే ఇది తప్పుతుంది, నిజమే, కానీ అప్పుడు అవతలి కొస మూతపడినప్పుడు దాని కోసం వస్తున్న ప్యాకెట్ల సంగతి విడిగా చూసుకోవాలి. అంటే రెండు వైపులా కాపలా.

రెండోది, ప్యాకెట్ తీగలో అడుగుపెట్టిన క్షణంలోనే అన్నీ తేల్చేయడం. ప్యాకెట్ పంపే ఎక్స్‌మిట్ ఫంక్షన్‌లోకి రాగానే, దాటించే పనిలో మొదటి సగం, అంటే అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ డెవ్_ఫార్వర్డ్_ఎస్‌కేబీ, పిలిచేస్తాను. అది డీఎస్‌టీని, కాన్‌ట్రాక్‌ని తుడిచి, నేమ్‌స్పేస్ మారుతుంటే మార్క్‌ని, పాత టైమ్‌స్టాంపుని కూడా తుడిచి, ప్యాకెట్‌లోని పరికరం పాయింటర్‌ని అందుకునే కొసకి మార్చేస్తుంది. ఆ తర్వాతే అది అందుకునే కొస క్యూలోకి వెళ్తుంది. బట్వాడా చెయ్యాల్సిన సమయం ఎస్‌కేబీలో డ్రైవర్లకి వదిలిన చిన్న ఖాళీ జాగాలో రాస్తాను. సమయం అయినప్పుడు హెచ్‌ఆర్‌టైమర్ అనే కెర్నల్ టైమర్ నిద్రలేచి, వచ్చిన ప్యాకెట్లని అందుకునే నెట్‌ఇఫ్_ఆర్‌ఎక్స్‌కి ఇచ్చేస్తుంది, అంతే.

దీంతో పంపిన కొస ఎక్కడికి జరిగినా ఫర్వాలేదు, ప్యాకెట్‌లో దాని పాయింటర్ అసలు లేదు. అందుకునే కొస జరిగితే, జరిపే ముందు కెర్నల్ దాన్ని ఎలాగూ మూస్తుంది, ఎన్‌డీఓ_స్టాప్‌లో క్యూ ఖాళీ అవుతుంది. అంటే పాత నేమ్‌స్పేస్ కోసం వచ్చిన ప్యాకెట్ కొత్త నేమ్‌స్పేస్‌లో ఎప్పటికీ దిగదు. ఒక్క నియమం, ఒక్క చోట. రెండోదే తీసుకున్నాను.

ఇందులో ఒక సన్నని చోటు ఉంది, దగ్గరగా చూపిస్తాను. మూసే వరసలో కెర్నల్ ముందు ‘నడుస్తోంది’ అన్న బిట్ తీసేస్తుంది, తర్వాత ఎన్‌డీఓ_స్టాప్ పిలుస్తుంది, ఆ తర్వాత మాత్రమే ‘అప్’ అన్న ఫ్లాగ్ తీసేస్తుంది. డెవ్_ఫార్వర్డ్ కోడ్ చూసేది ‘అప్’ ఫ్లాగ్‌ని. అంటే నేను క్యూ ఖాళీ చేస్తుండగా, ఇంకో సీపీయూ మీద పంపే కొస ‘అవతల అప్‌లోనే ఉంది’ అనుకుని, నేను ఖాళీ చేసిన మరుక్షణం ఇంకో ప్యాకెట్ పడేసి, టైమర్‌ని మళ్లీ బిగించగలదు. అందుకని క్యూకి సొంత ‘మూసేశాం’ గుర్తు ఒకటి, క్యూ లాక్ కిందే పెట్టాలి. స్టాప్‌లో వరస: లాక్ తీసుకో, గుర్తు పెట్టు, లాక్ వదులు, టైమర్ రద్దు చెయ్యి, క్యూ ఖాళీ చెయ్యి. టైమర్ రద్దు లాక్ బయటే జరగాలి, ఎందుకంటే రద్దు చేసే ఫంక్షన్ నడుస్తున్న టైమర్ పూర్తయ్యేదాకా ఆగుతుంది, ఆ టైమర్‌కేమో అదే లాక్ కావాలి. ఎక్స్‌మిట్ వైపు లాక్ తీసుకున్నాక గుర్తు చూసి, మూసేసి ఉంటే ప్యాకెట్‌ని పారేస్తుంది.

సాకెట్ సంగతి మిగిలింది. ప్యాకెట్‌ని సాకెట్ నుంచి విడదీసేస్తే నేమ్‌స్పేస్‌కి దాంతో సంబంధం తెగిపోతుంది, శుభ్రంగా ఉంటుంది. కానీ అప్పుడు టీసీపీ ‘నా ప్యాకెట్లు వెళ్లిపోయాయి’ అనుకుని ఇంకా ఇంకా కుమ్మరిస్తుంది, క్యూ నిండిపోతుంది. వెనక్కి ఒత్తిడి తెలియాలంటే సాకెట్ బంధం ఉండాలి. ఉంచాను. దానికి ప్రతిగా, క్యూలో చివరి ప్యాకెట్ పోయేదాకా పంపినవాడి సాకెట్ బతికుంటుంది, సాకెట్‌తోపాటు ఓడ నేమ్‌స్పేస్ కూడా. అందుకని ఆలస్యానికి 2 సెకన్లు గరిష్ఠ హద్దు పెట్టాను. ఎంత ఆలస్యమైనా 2 సెకన్లలో అన్నీ తెగిపోతాయి. ఈ బంధానికి కాలపరిమితి ఉంది కాబట్టి నాకు నిశ్చింత.

శనివారం

ఇవాళ చంపే పరీక్షలు. డ్రైవర్ బాగా పనిచేస్తోందా అనేదానికన్నా బాగా చచ్చిపోతోందా అనేది ముఖ్యం, నేమ్‌స్పేస్‌ల విషయంలో మరీను. వర్చువల్ మిషన్ కెర్నల్‌ని కేసాన్ (మెమరీ తప్పులు పట్టేది), లాక్‌డెప్ (లాక్‌ల తప్పులు పట్టేది), పరికరాల రిఫరెన్స్ ట్రాకర్ (పరికరాన్ని ఎవరెవరు పట్టుకుని ఉన్నారో రాసుకునేది) అన్నీ ఆన్ చేసి మళ్లీ కట్టాను. పొద్దున్నుంచి వాన, కరెంటు పోతూ వస్తూ ఉంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కెర్నల్ కట్టడం అంటే కాస్త టెన్షనే.

ఒక నేమ్‌స్పేస్ చచ్చిపోయినప్పుడు లోపలున్న పరికరాలకి ఏమవుతుందో చాలామందికి తెలియదు. నిజమైన ఈథర్‌నెట్ కార్డుని లోపల పెట్టి ఉంటే కెర్నల్ దాన్ని మొదటి నేమ్‌స్పేస్‌కి తిరిగి పంపేస్తుంది. వర్చువల్ పరికరాలకి ఆ మర్యాద లేదు, వాటి డెల్‌లింక్‌ని పిలిచి తీసేస్తుంది. తీగ డెల్‌లింక్ రెండు కొసల్నీ తీసేస్తుంది కాబట్టి, ఓడ మునిగితే ఒడ్డున ఉన్న కొస కూడా మాయమవుతుంది. వీఈత్ కూడా అంతే.

ఇంకొకటి, ఐపీ నెట్‌ఎన్ఎస్ డిలీట్ అని కొట్టగానే నేమ్‌స్పేస్ చచ్చిపోదు. ఆ కమాండ్ తీసేసేది పేరుని మాత్రమే. లోపల ఒక్క ప్రోగ్రాము నడుస్తున్నా, బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలేసిన పింగ్ అయినా సరే, నేమ్‌స్పేస్ బతికే ఉంటుంది. చివరి రిఫరెన్స్ పోయాక కూడా శుభ్రం చేసే పని విడిగా ఒక వర్క్‌క్యూలో (కెర్నల్ వెనకాల చేసుకునే పనుల వరస) జరుగుతుంది, మన కమాండ్ దాని కోసం ఆగదు. స్క్రిప్టులో నేమ్‌స్పేస్ తీసేసి వెంటనే అదే పేర్లతో మళ్లీ కడితే ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అని వచ్చేది ఇందుకే, బయట ఉన్న కొస ఇంకా పోలేదు. తమ్ముడి స్క్రిప్టులో వరస మార్పించాను: ముందు ఐపీ లింక్ డిలీట్‌తో తీగని తీసేయాలి, అది పూర్తయ్యాకే కమాండ్ తిరిగి వస్తుంది, ఆ తర్వాతే నేమ్‌స్పేస్.

ఇక అసలు పరీక్ష. క్యూ నిండా ప్యాకెట్లు ఉండగా, 2 సెకన్ల ఆలస్యంతో, ఒకవైపు పింగ్ వరదలా వదులుతూ, ఇంకోవైపు ఒక కొసని ఓడకీ ఒడ్డుకీ మధ్య అటూ ఇటూ జరుపుతూ, మధ్యమధ్యలో నేమ్‌స్పేస్‌లనే చంపుతూ ఒక లూప్ రాసి వదిలాను. భోజనం చేసి వచ్చేసరికి కూడా కేసాన్ నోరెత్తలేదు. లాక్‌డెప్ కూడా.

అంతా నిశ్శబ్దంగా ఉంటే పనిముట్లు అసలు మెలకువగా ఉన్నాయా అనే అనుమానం వస్తుంది కదా. అందుకని విడిగా ఒక కాపీలో కావాలనే ఒక రిఫరెన్స్ తీసుకుని వదలకుండా ఉంచాను. నేమ్‌స్పేస్‌ని తీసేశాక కాసేపటికి లాగ్‌లో ఆ పేరుమోసిన వాక్యం మొదలైంది: ‘అన్‌రిజిస్టర్_నెట్‌డివైస్: వెయిటింగ్ ఫర్ తీగ0 టు బికమ్ ఫ్రీ. యూసేజ్ కౌంట్ = 2’. మళ్లీ 10 సెకన్లకి అదే, మళ్లీ అదే. కంటెయినర్లు నడిపేవాళ్లందరికీ ఈ వాక్యం అంటే గుండె దడ. దీని కష్టం ఒక్క పరికరంతో పోదు, నేమ్‌స్పేస్‌లని శుభ్రం చేసే వర్క్‌క్యూ ఒంటి దారం మీద నడుస్తుంది కాబట్టి, ముందున్నది ఇరుక్కుంటే వెనక చావాల్సినవన్నీ బారులు తీరి ఆగిపోతాయి. ఇంకో నేమ్‌స్పేస్ తయారుచేసి తీసేసి చూశాను, దాని లోపలి పరికరాలు అలాగే ఉండిపోయాయి.

రిఫరెన్స్ ట్రాకర్ ఉండబట్టి ఆ వాక్యం కిందే ఆ రిఫరెన్స్ ఎక్కడ తీసుకున్నారో ఫంక్షన్ల వరస మొత్తం అచ్చయింది, నేను కావాలని పెట్టిన లైను దాకా. ఎరిక్ డుమజెట్ దీన్ని 5.17లో చేర్చారు. అంతకుముందు ఇలాంటి లీకు పట్టాలంటే కోడ్ అంతా చదువుతూ ప్రతి హోల్డ్‌కి (పట్టుకోవడం) పుట్ (వదలడం) ఎక్కడుందో చేత్తో లెక్కపెట్టుకోవడమే. ఆయనకి నిజంగా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆదివారం, గాజువాక

తీగని పిల్లల దగ్గరికి తీసుకెళ్లాను. మద్దిలపాలెం నుంచి బస్సులో కూర్చుని దారంతా ఏ లెక్కలు చూపించాలో రాసుకున్నాను. భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, పైకి వెళ్లి కిందకి దిగడానికి కాంతికే సుమారు 240 మిల్లీసెకన్లు. పరికరాల ఆలస్యం కలుపుకుని ఒక్కో వైపుకి 270 పెట్టాం.

ఓడలోంచి మొదటి పింగ్ 1080 మిల్లీసెకన్లు చూపించింది, రెండోది 540, తర్వాత అన్నీ 540. ఒక అమ్మాయి వెంటనే అడిగింది, "సార్, మొదటిదానికే డబల్ ఎందుకు పట్టింది?" ఎంత మంచి ప్రశ్న! మొదటిసారి ఒడ్డు మ్యాక్ అడ్రస్ తెలియదు, ఏఆర్‌పీ అడిగి జవాబు వచ్చేసరికి 540, అప్పుడు పింగ్ బయల్దేరి తిరిగొచ్చేసరికి ఇంకో 540. జవాబిచ్చేటప్పుడు ఒడ్డు మళ్లీ అడగక్కర్లేదు, వచ్చిన ఏఆర్‌పీ ప్రశ్నలోనే ఓడ అడ్రస్ దానికి తెలిసిపోయింది. మామూలు కేబుల్ మీద ఇది మిల్లీసెకనులో వెయ్యో వంతుల్లో జరిగిపోతుంది కాబట్టి ఎవరికీ కనపడదు. సాగదీస్తే కళ్లముందు నిలబడింది.

తర్వాత ఆలస్యాన్ని రెట్టింపు చేశాం, ఓడ నుంచి ఒడ్డుకి రెండు శాటిలైట్ హాపులు ఉన్నట్టు, ఒక్కో వైపు 540. ఏఆర్‌పీ ముందే తెలిసేలా చేసి టీసీపీ కనెక్షన్ పెట్టి, వెళ్లే వచ్చే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్‌లో చూస్తే, కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ రెండుసార్లు వెళ్లింది. మొదటిది పోలేదు, దారిలోనే ఉంది. కానీ లినక్స్ మొదటి సిన్‌కి ఆగేది 1 సెకను, రానూపోనూ 1.08 సెకన్లు పడుతోంది కాబట్టి జవాబు గుమ్మం దాకా వచ్చేలోపే రెండో సిన్ పంపేసింది. ఇక ఒక్కో వైపు 1.6 సెకన్లు పెడితే మొదటి పింగ్ బయల్దేరనే లేదు, ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’. ఏఆర్‌పీ సెకనుకొకటి చొప్పున 3 సార్లు అడిగి వదిలేస్తుంది, మన జవాబు వచ్చేది 3.2 సెకన్లకి. వైరు బాగానే ఉంది, అవతల మనిషి ఉన్నాడు, అయినా ‘లేడు’ అని చెప్పేసింది. పిల్లలు దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. గరిష్ఠ హద్దు 2 సెకన్లు ఉంచడం ఇందుకు కూడా పనికొచ్చింది.

వాళ్లు తీగ కొసని ఓడలోంచి తీసి ఒడ్డులో పెట్టి, మళ్లీ ఓడలో పెట్టి, ఐపీ అడ్రస్ ఇచ్చి అప్ చేశారు. 540 అలాగే ఉంది. మా తమ్ముడు నావైపు చూసి, "ఇదే అన్నయ్యా నాకు కావల్సింది" అన్నాడు.

బుధవారం రాత్రి

మిగిలిన పనులు రాసి పెట్టుకుంటున్నాను, ఎవరైనా చెయ్యి వేస్తే సంతోషం.

6.15 కెర్నల్‌లో న్యూలింక్ రూపం మారింది. విడివిడిగా ఇచ్చే వాటిని ఒక స్ట్రక్చర్‌లో పెట్టి, అవతలి కొస నేమ్‌స్పేస్ ఏది, లింకు నేమ్‌స్పేస్ ఏది అని స్పష్టంగా వేరు చేసి ఇస్తున్నారు. మంచి మార్పు, ‘నెట్’ అని ఒకే పేరుతో ఎవరి నెట్టో తెలియని అయోమయం పోతుంది. తీగకి దాని కోసం ఒక కొత్త బ్రాంచి కట్టాలి. ఆర్‌టీఎన్ఎల్ పెద్ద లాక్‌ని నేమ్‌స్పేస్‌ల వారీగా చిన్న లాక్‌లుగా విడగొట్టే పని కూడా 6.13 నుంచి లోపలికి వస్తోంది, జత పరికరాలకి అది ఆసక్తికరమైన చిక్కు, ఎందుకంటే ఒక జతని తియ్యాలంటే రెండు నేమ్‌స్పేస్‌ల లాక్‌లు ఒక వరసలో తీసుకోవాలి.

పిల్లలకి సుడో (రూట్, అంటే మిషన్ మీద పూర్తి అధికారం) ఇవ్వకుండా ల్యాబ్ నడిపించడం కుదురుతుందా అని తమ్ముడు అడిగాడు. మాడ్యూల్‌ని ఒకసారి రూట్ ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత పిల్లలు అన్‌షేర్ కమాండ్‌తో యూజర్ నేమ్‌స్పేస్ (లోపల మాత్రమే రూట్ అధికారం ఇచ్చేది) తయారుచేసుకుని, తమ సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో తీగలు కట్టుకోవచ్చు. కెర్నల్ అడిగేది ఆ నేమ్‌స్పేస్ మీద నెట్ అడ్మిన్ అధికారం మాత్రమే. కొసని జరపాలంటే వెళ్లే నేమ్‌స్పేస్ మీద కూడా అదే అధికారం ఉండాలి, కాబట్టి ఒకరి ఓడలోకి ఇంకొకరు తీగ విసరలేరు. ఉబుంటు 24.04లో మాత్రం మామూలు యూజర్ల యూజర్ నేమ్‌స్పేస్‌ల మీద యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ ఆంక్ష ఉంది, ల్యాబ్ మిషన్లలో దానికి విడిగా అనుమతి రాసుకోవాలి. క్యూ పరిమితి ఇప్పుడు 1000 ప్యాకెట్లు, అది ఒక్కో కొసకి. ఎవరైనా లెక్కలేనన్ని తీగలు కడితే మెమరీ సంగతి ఏమిటన్నది సుడో లేని ల్యాబ్‌లో ముందే తేల్చాలి, అందుకని వచ్చే వారం ముందు చెయ్యాల్సింది అదే: పరిమితిని ప్యాకెట్లలో కాకుండా బైట్లలో పెట్టడం, పెర్‌నెట్ ఆపరేషన్స్ (నేమ్‌స్పేస్ పుట్టినప్పుడు, పోయినప్పుడు నడిచే ఫంక్షన్లు) ద్వారా ఒక్కో నేమ్‌స్పేస్‌కి మొత్తం హద్దు ఒకటి పెట్టడం.